నాలుగు చక్రాలూ తిరిగాయి, బండి మాత్రం కదల్లేదు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

స్నానం చేసొచ్చాక కూడా చెవుల్లోంచి ఇసుక రాలుతూనే ఉంది. భుజాలు పట్టేశాయి. రెండు రోజులు స్టీరింగ్ తిప్పినందుకు కాదు, పార పట్టినందుకు. నిద్ర ముంచుకొస్తున్నా ఇప్పుడే రాసేయాలి. వారం ఆగితే ఈ కథలో తప్పులన్నీ బావమరిదివి అయిపోతాయి, ఒప్పులన్నీ నావి.

మా ఫోర్ బై ఫోర్ క్లబ్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ పవర్ వెళ్లే బండ్లున్నవాళ్ల క్లబ్, రెండు రోజుల ప్రాక్టీసు పెట్టింది. నిన్న డ్రైవింగ్, ఇవాళ జీపీఎస్. బండి కొని రెండేళ్లు దాటింది కానీ, ఫోర్ వీల్ వేయడానికి గేరు పక్కనుండే ఆ చిన్న లివరును డెలివరీ తీసుకున్న రోజు ఒకసారి లాగి చూడటమే. ఆ తర్వాత దానికి మాస్కులు తగిలించుకోవడానికి తప్ప వాడింది లేదు. బావమరిది ఫొటోలు తీస్తానని వెంట వచ్చాడు. వాడి ఫోన్లో ఇప్పుడు నావి పన్నెండు ఫొటోలున్నాయి. పదకొండింట్లో నేను మోకాళ్ల మీద ఉన్నాను.

నేర్పించిన పెద్దాయన గొంతు పెంచే మనిషి కాదు. తొమ్మిది బండ్లవాళ్లం ఇంజన్లు స్టార్ట్ చేసి ముందెవరు వెళ్తారా అని చూస్తుంటే, ఆపేసి దిగమని చేత్తో సైగ చేశారు. "మీరు చూడని చోటికి చక్రాన్ని పంపకండి. ముందు కాళ్లతో వెళ్లి రండి" అన్నారు. అలా మొదటి గంటంతా బండ్లు ఎండలో, మేము గుంటల్లో. కర్ర ముంచి నీళ్ల లోతు చూడటం, రాయి కదులుతుందేమోనని కాలితో తన్నడం, బండి కడుపు ఎక్కడ తగులుతుందో వంగి చూసుకోవడం. నాకైతే విసుగే వచ్చింది. నడిచి తిరగడానికైతే ఇంత డీజిల్ పోసుకుని రావడమెందుకు అని లోపల లోపల గొణుక్కున్నాను.

తర్వాత గట్టి నేల మీద ఒక చిన్న తమాషా చేయించారు. ఫోర్ వీల్ వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా తిరగమన్నారు. సగం తిరిగేసరికి ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బండి బిగుసుకుపోయింది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగాలి. మా బండిలాంటి వాటిలో ఫోర్ వీల్ వేశాక ముందూ వెనకా కలిపి కట్టేసినట్టే, ఆ తేడా సర్దుకునే వీలుండదు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, గట్టి రోడ్డు మీద ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. వానలో మామూలు రోడ్డు మీద కూడా ఫోర్ వీల్ వేసుకుని తిరిగితే భద్రం అని నేను నలుగురికి సలహా ఇచ్చి ఉంటాను. ఆ మాట అక్కడ పైకి అనలేదు.

బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి పెట్టొద్దన్నారు. ముందు చక్రం రాయికి కొట్టుకుంటే స్టీరింగ్ గిర్రున తిరిగి వేలు విరుస్తుందట. ఇరవై ఏళ్ల అలవాటు, అరగంటకోసారి లోపలికే పోయేది.

నాకు భలే నచ్చింది అడ్డదిడ్డం గుంటలు. ఎడమవైపు ఒక గుంట, నాలుగడుగులు దాటాక కుడివైపు ఇంకొకటి. వాటిలోకి దిగగానే బండి మెలితిరిగి, ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురుమూల చక్రం గాల్లోకి లేచాయి. యాక్సిలరేటర్ తొక్కాను. గాల్లో ఉన్న చక్రం సీలింగ్ ఫ్యానులా తీరిగ్గా తిరుగుతోంది. దాని గాడుల్లోంచి మట్టిపెళ్ల ఒకటి ఊడి, డోరుకు తగిలి టప్పున పడింది. నేల మీదున్న చక్రం మాత్రం చలనం లేకుండా కూర్చుంది.

"బావా, నాలుగు చక్రాలకీ పవర్ అన్నావు కదా?" అన్నాడు బావమరిది, ఫోన్ దించకుండానే.

పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి చెప్పారు. ఎడమ, కుడి చక్రాలకి పవర్ పంచే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, రెండు పక్కలకీ సమానమైన తోపే ఇస్తుంది. గాల్లో ఉన్న చక్రం తిరగడానికి తోపు అక్కర్లేదు కాబట్టి దానికి దక్కేది పిసరంత. న్యాయం ప్రకారం రెండోదానికీ పిసరంతే. ఆ రెండు చక్రాలనీ కలిపి కట్టేసే డిఫ్ లాక్ బటన్ నొక్కమన్నారు. కిందెక్కడో టక్కుమంది. ఈసారి యాక్సిలరేటర్ మీద పాదం ఆనించానంతే, బండి ముసలాయన మెట్టెక్కినట్టు ఒళ్లు సర్దుకుంటూ బయటికొచ్చింది. రెండేళ్లుగా ఆ బటన్ మీద ధూళి తుడుస్తున్నాను తప్ప అదేం చేస్తుందో నాకు తెలీదు.

దిగుడు దగ్గర కష్టమంతా కాలిదే. ఫోర్ లో (ఫోర్ వీల్‌లో నెమ్మదిగా, బలంగా నడిపే స్థానం), మొదటి గేరు, రెండు పాదాలూ పెడల్స్ మీంచి తీసేయాలి. ఇంజనే బండిని పట్టుకుని దింపుతుంది. భయమేసి బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు ఆగిపోయి బండి జారడం మొదలెడుతుంది. వినడానికి బాగానే ఉంది. ముందద్దంలో ఆకాశం పోయి మొత్తం నేలే కనబడుతున్నప్పుడు, బ్రేకు మీదకి పోకుండా కుడి పాదాన్ని ఎడమ పాదంతో తొక్కి పట్టుకున్నాను. ఎక్కుడులో రెండోసారి సగంలో ఆగిపోయాను. అలాంటప్పుడు పక్కకి తిప్పబోతే బోల్తా పడే ప్రమాదం. రివర్స్ వేసి, వచ్చిన గాట్లోనే తిన్నగా వెనక్కి రావాలి. వచ్చాను. మెడ ఇంకా నొప్పిగానే ఉంది.

ఇక ఇసుక. దీనికి వేరే పేజీ పెట్టాలి.

ముందు టైర్లలో గాలి తీయించారు. 34 పీఎస్ఐ నుంచి 18కి. వాల్వు నొక్కి పట్టుకుంటే చల్లటి గాలి వేళ్లకి తగులుతూ, టైరు పక్కలు మెల్లగా ఉబ్బుతాయి. నేలకి ఆనే చోటు వెడల్పు కంటే పొడవులో ఎక్కువ పెరుగుతుందట, పాదం చాపినట్టు. వాల్వు మూతలు జేబులో వేసుకోమన్నారు. నేను బానెట్ మీద పెట్టాను. నాలుగింట్లో ఒకటి దొరకలేదు.

మొదటి రౌండు బ్రహ్మాండంగా పోయింది. ఫోర్ హై (ఫోర్ వీల్‌లో మామూలు వేగాల స్థానం), రెండో గేరు, ఒకే వేగం, స్టీరింగ్ పెద్దగా తిప్పకుండా. రెండో రౌండులో బావమరిది, "బావా, ఒక్క నిమిషం ఆపు, వెలుతురు అదిరింది" అన్నాడు. ఆపాను. అదీ దిబ్బ ఎక్కుతూ ఆపాను, అదీ బ్రేకు వేసి. ఇసుకలో బ్రేకు వేస్తే చక్రాల ముందు ఇసుక గట్టు కట్టేస్తుంది, ఆగాల్సొస్తే మూతి కిందికి ఉన్నప్పుడు కాలు తీసేసి బండిని దానంతటదే ఆగనివ్వాలని పొద్దున్నే చెప్పారు. నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. మళ్లీ కదిలించబోతే చక్రాలు తిరిగాయి, నాలుగూ. అప్పుడే కాలు తీసేసి, వచ్చిన గాట్లో వెనక్కి వెళ్లుంటే రెండు నిమిషాల్లో పోయేది. నేను ఇంకాస్త తొక్కాను. తర్వాత ఇంకాస్త. బండి కుంగింది. డోరు తెరిస్తే, దాని కింది అంచు ఇసుకని గీసుకుంటూ తెరుచుకుంది.

పెద్దాయన నడుచుకుంటూ వచ్చి, చూసి, ఒక్క మాటా అనకుండా పార చేతికిచ్చారు. కడుపు కింద ఇసుక తీయడానికి దాదాపు నలభై నిమిషాలు. ఒక పారెడు తీస్తే అరపారెడు మళ్లీ లోపలికి జారేది. వెలుతురు అదిరిందన్నవాడు రెండో పార పట్టుకున్నాడు.

చివరికి వేరే బండికి తాడు కట్టి లాగారు. సాగే తాడు అది. లాగే బండి కాస్త ఊపు తీసుకుంటే తాడు సాగి, తిరిగి ముడుచుకునే బలంతో ఇరుక్కున్న బండిని బయటికి తెస్తుంది. ఆ బండతను తాడును వెనక ట్రైలర్ కొక్కేనికి, అదే ఆ గుండ్రటి ఇనుప గుండుకి, తగిలించబోయాడు. "వద్దు!" అని ఒక్క అరుపు. రెండు రోజుల్లో పెద్దాయన గొంతు పెంచింది అప్పుడొక్కసారే. ఆ గుండు నెమ్మదిగా ట్రైలర్ లాగడానికే తప్ప ఈ కుదుపుకి కాదు. విరిగిందా, సాగిన తాడు దాన్ని ఫిరంగి గుండులా ఎదుటి బండి అద్దంలోకి విసురుతుంది. చాసిస్‌కి, అంటే బండి ఇనుప చట్రానికి, బిగించిన రికవరీ పాయింట్లకే (ఇలా లాగడానికే పెట్టిన కొక్కేలకే) కట్టించి, తాడు మీద దుప్పటి వేయించి, మిగతా అందర్నీ తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబెట్టారు. బండి రెండో లాగుడుకే వచ్చేసింది. చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్లకే తెలియాలి.

ఇవాళ జీపీఎస్. చెమట పట్టదు కదా అని హుషారుగా వెళ్లాను.

రోడ్లున్న మ్యాపులు లేవు. చేతిలో పట్టే పరికరం ఒకటి, ఆరు పాయింట్ల అక్షాంశ రేఖాంశాలున్న కాగితం ఒకటి. ప్రతి పాయింటు దగ్గరా ఒక రాయి మీద రంగుతో అంకె వేసి ఉంటుంది, అది రాసుకుని రావాలి. మొదలుపెట్టే ముందు పెద్దాయన కాసేపు పైకి చూపించి మాట్లాడారు. ఆ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి, వాటిలో అణు గడియారాలుంటాయి. మన చేతిలోనిది మామూలు గడియారం. సిగ్నల్ వెలుగు వేగంతో వస్తుంది కాబట్టి సెకనులో పది లక్షలో వంతు తేడా పడితే 300 మీటర్లు తప్పిపోతాం. అందుకే మనమెక్కడున్నామో తేలడానికి మూడు ఉపగ్రహాలు, మన గడియారాన్ని సరిచేయడానికి నాలుగోది. 2000 మే నెల దాకా అమెరికా సైన్యం మామూలు జనానికిచ్చే సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపేదట, వంద మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. ఇప్పుడు ఆకాశం కనబడే చోట కొన్ని మీటర్లలోపే. దారి తప్పడానికి నాకైతే అమెరికా సైన్యం సాయం అక్కర్లేకపోయింది.

మొదటి పాయింటు వాళ్లే పరికరంలో ఎక్కించి ఇచ్చారు, వెళ్లాం, అంకె రాసుకున్నాం. రెండోది నేను ఎక్కించాను. బాణం చూపించినట్టే వెళ్తే ముళ్లపొదలు. రాయి లేదు. తెర మీద దూరం సున్నా. అరగంట వెతికాం. "ఎవరో రాయి ఎత్తుకుపోయారు బావా" అన్నాడు వాడు. నాకూ అదే నమ్మాలనిపించింది. సరే మూడోది చూద్దామని ఎక్కించబోతే, పరికరం కుయ్‌మని ఒప్పుకోనంది. కాగితం మీద నిమిషాల దగ్గర (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు) 25.82 అని ఉంది. నేను 25 నిమిషాలు, 82 సెకన్లు కొడుతున్నాను. 82 సెకన్లు ఏ లోకంలో ఉంటాయి?

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాగితం మీద ఉన్నవి నిమిషాలూ, వాటి దశాంశాలూ. పరికరం సెట్టింగులో ఉన్నవి నిమిషాలూ, సెకన్లూ. రెండో పాయింటు అక్షాంశం 24.45ని నేను 24 నిమిషాల 45 సెకన్లు చేశాను, అంటే 24.75. పొలం గట్ల లెక్క కాదు ఇది, అక్షాంశంలో ఒక్క నిమిషమంటే సుమారు 1852 మీటర్లు. 0.3 నిమిషాలకి 555 మీటర్లు. రేఖాంశంలో తేడా కొద్దిదే. రెండో పాయింటులో అంకె అరవై లోపుండటం మా ఖర్మ. దాటి ఉంటే అక్కడే పట్టుకునేది.

సెట్టింగు మార్చి వెనక్కి వెళ్లి, బండి ఆపి చూస్తే ఈసారి బాణం ఒకచోట నిలబడదు, అటూ ఇటూ ఊగుతోంది. పాడైందేమో అనుకుంటుంటే, దారిలో కనబడిన పెద్దాయన బండాపి, "దిగి పది అడుగులు నడవండి" అన్నారు. ఇలాంటి పరికరానికి కదులుతున్నప్పుడే మన మొహం ఎటుందో తెలుస్తుందట. దిగి నడిచాను. బాణం నిలబడింది. నలభై అడుగుల్లో ఒక మెరక మీద రాయి, దాని మీద ఎర్రటి ఏడు. అరగంట క్రితం ముళ్లపొదల్లోంచి ఒక్కసారి తలెత్తి చూసుంటే ఆ మెరక కనబడేదేమో. తెర మీద సున్నా ఉంది కదా, తల ఎత్తలేదు.

ఆరింట్లో అయిదు పట్టుకున్నాం. వచ్చేముందు కంప్రెసర్‌తో టైర్లు మళ్లీ 34కి నింపాం.

ఇందాక రెండు రోజుల ట్రాక్, అంటే మేం తిరిగిన దారిని పరికరం గీసుకున్న గీత, కంప్యూటర్లోకి ఎక్కించి చూశాను. గీత అంతా శుభ్రంగానే ఉంది, ఇసుక దగ్గర తప్ప. అక్కడ దారం ఉండ చిక్కుపడ్డట్టు ఒక గజిబిజి. బండి అంగుళం కదలని ఆ నలభై నిమిషాల్లో పరికరం మాత్రం ఊరికే ఉండలేక మీటరు అటూ, రెండు మీటర్లు ఇటూ గీస్తూ కూర్చుంది. ముళ్లపొదల దగ్గర ఒక వేపాయింటు (పరికరంలో పెట్టుకునే గుర్తు) ఉంది, నేను పెట్టింది కాదు. నొక్కి చూస్తే పేరు "బావ రాయి". ఎప్పుడు పెట్టాడో వెధవ. తీసేద్దామని బటన్ దాకా వెళ్లి, ఉండనిచ్చాను.