హెచ్‌పీవీ 16 పాజిటివ్

రిపోర్టు చూడగానే నాకు ముందు భయమేసింది క్యాన్సర్ గురించి కాదు, మా ఆయన గురించి. ఇది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దారితీయగల వైరస్, శారీరక సంబంధంతో అంటుకుంటుంది. ఆయన నన్ను అనుమానిస్తాడా, నేను ఆయన్ని అనుమానించాలా? ఆ రాత్రి అన్నాలు తింటూ ఇద్దరం పిల్లల చదువు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

మేముండేది టెక్సస్ దక్షిణపు కొసన, మెక్‌అలెన్‌లో. నది దాటితే మెక్సికో. నేను పనిచేసే మందుల షాపులో వినిపించేదంతా స్పానిష్షే. కౌంటర్లో నా పక్కనుండే పెద్దావిడ కూతుర్ని పిలిచినట్టు 'మిహా' అంటుంది నన్ను. వారాంతాల్లో పార్టీల్లో కలిసే తెలుగువాళ్లకి చెప్పలేనిది ఆవిడకి చెప్పేశాను.

ఆవిడ సెలవు రోజుల్లో ప్రొమోతోరా. మన ఆశా కార్యకర్తల్లాగే ఇల్లిల్లూ తిరుగుతుంది. ఊరి బయట కొలోనియాల్లో, అంటే సరైన వసతుల్లేని పేదల బస్తీల్లో, ఆడవాళ్లని కూర్చోబెట్టి ఈ క్యాన్సర్‌ని ముందే పసిగట్టే పాప్ టెస్టు గురించి చెబుతుంది. "ఈ వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో ఉలుకూ పలుకూ లేకుండా ఉండగలదు. ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. ముందు నీ సంగతి చూసుకో" అంది.

ఇంటికెళ్లి అదే మాట మా ఆయనకి చెప్పాను. కాసేపాగి "హమ్మయ్య" అన్నాడు. నాకు నవ్వాగలేదు.

తర్వాత కాల్పోస్కోపీ, అంటే భూతద్దంలాంటి పరికరంతో లోపల చూసే పరీక్ష. అందులో గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ ద్రావణం పూశారు. తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది. తెల్లబడింది. ముక్క తీసి పంపితే సీఐఎన్ 3 అని తేలింది. అంటే ఇంకా క్యాన్సర్ కాదు, వదిలేస్తే కావచ్చు. తర్వాత లీప్ అనే చికిత్స చేశారు. తిమ్మిరెక్కే ఇంజెక్షనిచ్చి, కరెంటు పారే సన్నని తీగతో ఆ భాగాన్ని కోసేస్తారు. నొప్పి పెద్దగా లేదు గానీ ఆ కాలిన వాసన భరించలేకపోయాను. తర్వాత కొన్ని వారాలు నీళ్లలా స్రావం, పొత్తికడుపులో లాగుడు. బరువులెత్తకూడదు, భార్యాభర్తలు కలవకూడదు. ఆ రెండోది నర్సు మా ఆయన ఎదుటే గట్టిగా చెప్పి నాకు మేలు చేసింది.

అమెరికాలో తెల్లవాళ్లకంటే హిస్పానిక్ ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ ఎక్కువ. సిగ్గుపడి టెస్టుకి రారని బయటివాళ్లు తేలిగ్గా అనేస్తారు. సిగ్గుంది, లేదనను, మనకి మాత్రం లేదా? కానీ నాకు ఇన్సూరెన్సుంది, వాళ్లలో చాలామందికి లేదు. 2011లో రాష్ట్రం కుటుంబ నియంత్రణ నిధుల్లో దాదాపు మూడింట రెండొంతులు కోసేస్తే ఇక్కడ ఇలాంటి టెస్టులు చేసే క్లినిక్కులు మూతపడ్డాయి. అమెరికాలో ఉండటానికి పేపర్లు లేనివాళ్లు పెద్ద వైద్యానికి శాన్ ఆంటోనియో వైపు వెళ్లాలంటే దారిలో ఫాల్‌ఫూరియస్ చెక్‌పోస్టు, అక్కడ సరిహద్దు పోలీసులు పేపర్లు అడుగుతారు. "టెస్టులో ఏదైనా తేలితే నేనెక్కడికి పోను?" అని వాళ్లడిగితే పెద్దావిడ దగ్గర జవాబుండదు. డాక్టరు ముందు పడుకోనక్కర్లేకుండా క్లినిక్‌లో ఎవరి నమూనా వాళ్లే తీసుకునే పద్ధతికి 2024లో అనుమతొచ్చింది. సిగ్గుకి మందు దొరికింది, చెక్‌పోస్టుకే లేదు.

ఆరు నెలల తర్వాత చేసిన టెస్టులో నాకు నెగటివ్ వచ్చింది. ఇక మూడేళ్లు ఏటా, ఆపైన మూడేళ్లకోసారి, కనీసం 25 ఏళ్లు చూపించుకుంటూ ఉండాలి. మా అమ్మాయికి పదకొండు నిండాయి, టీకా మొదటి డోసు వేయించాం. ఇదెందుకని అడిగితే వాళ్ల నాన్నే చెప్పాడు, నేను చెప్పేదానికంటే వివరంగా.