ఓడ దిగుతున్న పెద్దాయన

రాత్రి నిద్ర పట్టక పంచ్ అనే ఇంగ్లీషు వ్యంగ్య పత్రిక పాత స్కాన్లు తిరగేస్తూ 1890 మార్చి 29 సంచిక దగ్గర ఆగిపోయా. కార్టూనిస్టు టెన్నియెల్ బొమ్మ. ఓడ నడిపే పైలట్ వేషంలో జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ మెట్లు దిగుతున్నాడు, పైన రెయిలింగ్ మీద చేతులు కట్టుకుని వాలి, నెత్తిన కిరీటంతో కుర్ర కైజర్ (జర్మన్ చక్రవర్తి) రెండో విల్‌హెల్మ్ కిందికి చూస్తున్నాడు. పెద్దాయనకి 74, రాజుకి 31. జర్మనీని ఒక్కటి చేసినాయన్ని పదవి నుంచి పంపించేసిన ఆ నెలలోనే, ఎక్కడో లండన్‌లో చెక్క మీద చెక్కి అచ్చేసేశారు!

జూమ్ చేసి చూస్తే నీడంతా సన్న సన్న గీతలే. వెక్కిరింపు కోసం వెతికా, పెద్దాయన మొహంలో ఎక్కడా లేదు, పరాయి దేశపోడైనా ఎంత మర్యాదగా గీశాడో, నాకైతే గొంతు పట్టేసింది. కైజర్ మొహం మాత్రం ఇంకా కళ్ళలోనే ఉంది.