237 మీద ఒక ఆదివారం, నాన్నగారితో

ఆరేళ్లుగా రోజూ ఆఫీసుకి కాలిఫోర్నియాలోని ఈ 237 నంబరు హైవే మీదే పోతున్నా. మౌంటెన్ వ్యూలో ఎల్ కమీనో రోడ్డు దగ్గర మొదలై మిల్పిటాస్‌లో 680 ఫ్రీవే దగ్గర అయిపోతుంది, మొత్తం 18 కిలోమీటర్లే, అయినా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి కూడా తీరిగ్గా చూసింది లేదు. మొన్న ఆదివారం నాన్నగారిని ఎక్కించుకుని బయల్దేరా, ఆయన ఆర్ అండ్ బీలో పనిచేసి రిటైర్ అయ్యారు, సర్వీసంతా కోనసీమలోనే.

1964 దాకా దీనికి ఈ నంబరే లేదు, శాంటా క్రూజ్ కొండల్లోంచి వచ్చే పాత 9వ నంబరు రోడ్డులో ఇదొక ముక్క, ఆ ఏడాది కాలిఫోర్నియా అంతా నంబర్లు మార్చినప్పుడు విడిపోయింది అని చెప్తూ డ్రైవ్ చేస్తున్నా. మధ్యలో సిగ్నళ్లు తీసేసి ఫ్రీవే చేసింది 90ల్లో. సన్నీవేల్‌లో రోడ్డు పక్కనే ఉన్న గుడిలో దణ్ణం పెట్టుకుని బే ఒడ్డున ఉన్న పాత ఊరు అల్విసో దగ్గర దిగిపోయాం.

నాకు మాత్రం ఈ రోడ్డు మొత్తంలో అసలు చూడాల్సింది అల్విసోనే. 1850ల్లో ఇది రేవు, శాన్ హోసే సరుకు ఇక్కడి నుంచే స్టీమర్లలో శాన్ ఫ్రాన్సిస్కో పోయేది, 1864లో నేరుగా రైలు పడేసరికి రేవు చిక్కిపోయింది. తర్వాత థామస్ ఫూన్ చూ అనే చైనా ఆయన ఇక్కడ క్యానరీ (పళ్లు, కూరలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ) నడిపి దేశంలోనే పెద్దవాటిల్లో ఒకటిగా చేశాడు, ఆయన 1931లో పోయాడు, కొన్నేళ్లకి అదీ మూతపడింది. ఇప్పుడు పడవలు తిరిగిన చోటంతా రెల్లు. తోటలకని బోర్లు వేసి నీళ్లు లాగేసేసరికి ఈ శాంటా క్లారా లోయంతా నేల కుంగింది, శాన్ హోసే డౌన్‌టౌన్‌లో అయితే 13 అడుగుల దాకా, అల్విసో సముద్రమట్టం కంటే కిందకి పోయింది, 1983లో కొయోటీ క్రీక్ పొంగి ఊరు మునిగింది.

నాన్నగారు అల్విసో వరద గట్టెక్కి అటు నీళ్లు, ఇటు ఇళ్లు చాలాసేపు చూశారు. "మన ఏటిగట్టులాగే ఉందిరా" అన్నారు. 86 గోదావరి వరదలప్పుడు ఆయన రాత్రుళ్లు గట్టు మీదే ఉన్నారు, ఇంటికి ఎన్ని రోజులకి వచ్చారో అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

మిల్పిటాస్‌లో కొంచెం పక్కకెళ్లి గ్రేట్ మాల్ చూపించా, 1955 నుంచి 1983 దాకా అది ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ, మస్టాంగులు అక్కడే తయారయ్యేవి. 237లో చివరి ముక్క అయిన కాలవెరాస్ రోడ్డు మీద సిగ్నళ్లన్నీ దాటి 680 దగ్గర రోడ్డు అయిపోయింది.

"వెళ్లేటప్పుడు మళ్లీ ఆ గట్టు దగ్గర ఆపు" అన్నారు.