ఓపిక మిగిలిన రోజు

నవంబరు, గురువారం. రాత్రి పది కావస్తోంది.

పొద్దున ఐదుంబావుకు లేచేసరికి వాన పడుతూనే ఉంది. మా నెల్లూరుకు వానలంటే ఇవే. జూన్, జులైలో టీవీలో అన్ని ఊళ్ల వానలూ చూపిస్తుంటే మేమింకా ఎండకు మాడుతూనే ఉంటాం. అక్టోబరు, నవంబరు వచ్చి బంగాళాఖాతంలో వాయుగుండం పడితే గాని మాకు చెరువులు నిండవు. కాబట్టి వానను తిట్టుకోను. కానీ రెండు రోజుల నాడు ఉతికిన బట్టలు నడిమింట్లో తాళ్ల మీద ఇంకా తడిగానే వేలాడుతున్నాయి, ఇల్లంతా ముక్క వాసన. ఫ్యాను వేసి వంటింట్లోకి వెళ్లాను.

మా ఆయనకు కృష్ణపట్నం పోర్టులో ఉదయం షిఫ్టు. ఆరింటికి బస్సు. ఆయనకు పెరుగన్నం, ఆవకాయ సర్ది పంపించి, పిల్లల క్యారియర్లలో నిమ్మకాయ పులిహోర పెట్టి మూతలు బిగించాను. ఆరూ యాభైకి ఫోను మోగింది, భారీ వర్షాల వల్ల ఈ రోజు బడికి సెలవు అని. బాబు మంచం మీదే ఎగిరి గంతేశాడు. పాప దుప్పటి ముసుగు తీయకుండానే "నిజంగానా అమ్మా?" అని అడిగి మళ్లీ పడుకుంది. సర్దిన క్యారియర్లు అట్లాగే గట్టు మీద ఉన్నాయి. నిరుడైతే ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చేది. ఈ రోజు రాలేదు. అందుకే ఇదంతా రాసిపెట్టుకోవాలనిపించింది.

ఎనిమిదింటికి పెనం పెట్టి కారం దోసెలు పోశాను. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, కాస్త చింతపండు వేసి నూరిన ఎర్రకారం దోసె మీద పూసి, పైన పప్పుల పొడి చల్లి, అంచులు ఎర్రబడేదాకా కాల్చాలి. అత్తయ్యకు రెండు, పిల్లలకు చెరి రెండు. మూడో విడత దోసెలు నావి. పొయ్యి కట్టేసి, కంచం పట్టుకుని కుర్చీలో కూర్చుని వేడివేడిగా తిన్నాను. ఇది రాస్తుంటే చాలా చిన్న సంగతిలా ఉంది. కానీ పెళ్లయిన పద్నాలుగేళ్లలో మొదటి పదమూడేళ్లు నేను టిఫిను కూర్చుని తినలేదు. పదకొండింటికి నిలబడి, చల్లారిపోయినవో, పిల్లలు వదిలేసినవో తిని, వెంటనే ఒక గ్లాసు టీ తాగేదాన్ని. ఆ టీతోనే రోజు నడుస్తుందనుకునేదాన్ని.

సంక్రాంతి వెళ్లిన నెలకి, ఉతికిన బట్టల బకెట్టు డాబా మీదికి మోసుకెళ్తూ సగం మెట్ల మీద కూలబడ్డాను. గుండె దడదడ కొట్టుకుంటోంది, కళ్ల ముందు చుక్కలు. అంతకు ముందే ఒక క్లినిక్‌లో నీరసంగా ఉంటోందని చెబితే, ఇంట్లో పనే కదమ్మా, బాగా నిద్రపో, సరిపోతుంది అని పంపేశారు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే కోపం వస్తుంది. పై వాటాలో ఉండే ఆంటీ రిటైరైన నర్సు. ఆవిడే కిందికి దిగి వచ్చి, నా కింది రెప్ప లాగి చూసి, "ఎంత పాలిపోయిందో చూడు, రేపే రక్తపరీక్ష చేయించుకో" అన్నారు. చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. ఆడవాళ్లకు 12 కంటే తక్కువుంటే రక్తహీనతేనని డాక్టరమ్మ చెప్పింది. "ఈ నీరసం ఎప్పటి నుంచి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బాబు పుట్టినప్పటి నుంచా? పాప పుట్టినప్పటి నుంచా? నీరసం లేని రోజు ఎట్లా ఉంటుందో నాకే గుర్తు లేదు.

తర్వాత పేపర్లో చదివాను, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలిందట. సగం కంటే ఎక్కువ. మా వీధిలో నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి "ఓపిక లేదమ్మా" అనుకునే ఆడవాళ్లందరూ గుర్తొచ్చారు.

ఓపిక అనే మాట మనకు రెండు పనులు చేస్తుంది. ఒంట్లో సత్తువనూ అదే అంటాం, కోపం దిగమింగి సహించడాన్నీ అదే అంటాం. చిన్నప్పటి నుంచి "ఆడపిల్లకు ఓపిక ఉండాలి" అని విన్నప్పుడల్లా నాకు రెండోదే వినిపించింది. మొదటిది ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ చెప్పలేదు. అది తిండిలోంచి, నిద్రలోంచి, రక్తంలోంచి వస్తుంది. అది లేని ఒంట్లో రెండోది నిలవదు. పిల్లల మీద ఎన్ని సాయంత్రాలు అకారణంగా అరిచానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నా స్వభావమే అంత అనుకున్నాను. స్వభావం కాదు, 8.9.

ఐరన్ మాత్రలు వేసుకున్నాను. మొదట్లో కడుపులో తిప్పింది, మలబద్ధకం. మలం నల్లగా వస్తుందని ఆంటీ ముందే చెప్పబట్టి భయపడలేదు. మాత్రతోపాటు నిమ్మరసం తాగమన్నారు, విటమిన్ సి ఉంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుందట. నిమ్మకాయలకు మాకేం కొదవ, గూడూరు పక్కనే. టీ మాత్రం తిండితో కలిపి తాగకూడదు. టీలో ఉండే వగరు పదార్థం ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. పాలు, రాగి జావ కూడా మాత్ర వేసుకునే పూట వద్దన్నారు, వాటిలో కాల్షియం ఎక్కువ కాబట్టి. టీ మానలేదు నేను. తిన్నాక గంటన్నర ఆగి తాగుతున్నాను, అంతే. తోటకూర, మునగాకు, ఆదివారం చేపల పులుసో గొర్రె లివరో, నా కంచంలో కూడా ముందే వడ్డించుకోవడం మొదలుపెట్టాను. ఆగస్టులో పరీక్ష చేయిస్తే 12.1 వచ్చింది. అయినా ఆపవద్దు, ఒంట్లో నిల్వలు నిండాలి, ఇంకో మూడు నెలలు వేసుకో అన్నారు. ఆ మూడు నెలలూ అయిపోయి ఈ నెల మొదట్లోనే మాత్రలు ఆగాయి.

ఈ రోజు సంగతికి వస్తాను. ఇల్లు ఊడ్చి, వాకిట్లో బురద కడిగి, యూనిఫాములు ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టేసరికి మధ్యాహ్నమైంది. పిల్లలు క్యారియర్లు తెచ్చుకుని వరండాలో చాప వేసుకుని, బడిలో కూర్చున్నట్టే కూర్చుని పులిహోర తిన్నారు. నేను అరగంట నడుం వాల్చాను. అది కూడా కొత్తగా నేర్చుకున్నదే.

మూడింటికి బాబు వచ్చి "అమ్మా, కేకు చేస్తావా?" అన్నాడు. పాప వెంటనే వాడి చెయ్యి పట్టుకుని లాగుతూ, "అమ్మకు ఓపిక ఉందో లేదో అడుగు ముందు" అంది. పన్నెండేళ్ల పిల్ల. ఆ మాట అది ఎప్పుడు నేర్చుకుందో. "ఉంది, చేద్దాం పట్టండి" అన్నాను.

మా ఇంట్లో ఓవెన్ లేదు. ఆంటీ నేర్పిన కుక్కరు కేకే. క్రిస్మస్ ముందు ఆవిడ ఇంట్లోంచి ఈ వాసన మెట్ల మీదుగా దిగి వచ్చేది, అట్లా మొదలైంది. దీనికి పాత ఐదు లీటర్ల కుక్కరు ఒకటి విడిగా పెట్టుకున్నాను, ఎందుకంటే నీళ్లు లేకుండా కాగిన కుక్కరు అడుగు మళ్లీ అన్నం వండడానికి బాగుండదు. అడుగున రెండు గుప్పెళ్ల కల్లుప్పు, దాని మీద స్టాండు. గ్యాస్కెట్టు, విజిల్ రెండూ తీసేసి మూత పెట్టి, పది నిమిషాలు ముందే వేడెక్కనివ్వాలి. ఇది మరిచిపోతే కేకు లేనట్టే. వంటసోడా పెరుగుతో కలిసిన క్షణం నుంచే బుడగలు పుడతాయి. ఆ బుడగలు ఉండగానే గిన్నె వేడిలోకి వెళ్లిపోవాలి. కుక్కరు కాగేదాకా పిండి బయట ఉంటే గాలంతా పోయి కేకు అట్టులా పడి ఉంటుంది.

ఒక కప్పు రాగి పిండి, ఒక కప్పు గోధుమ పిండి. మొదటిసారి అచ్చంగా రాగి పిండితోనే చేశాను, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. గోధుమలో ఉండే జిగురు రాగిలో లేదు మరి, పట్టి నిలిపేది ఏదో ఒకటి ఉండాలి. అయినా రాగిని వదలబుద్ధి కాదు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఎదిగే పిల్లలకు అది కావాలి. పిండిలో ఒక చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి వేసి రెండుసార్లు జల్లించమని పాపకిచ్చాను. బెల్లం కప్పున్నర తరిగి, పావు కప్పు నీళ్లు పోసి సన్నని మంట మీద కరిగించి వడకట్టాను. మన బెల్లంలో ఇసుక, చెరుకు పిప్పి ఉంటాయి, వడకట్టకపోతే పంటి కింద పడతాయి. అది పూర్తిగా చల్లారాక అర కప్పు పెరుగు, అర కప్పు నూనె, ముప్పావు కప్పు పాలు కలిపాను. వేడి బెల్లంలో పాలు పోస్తే విరిగిపోతాయి, ఆ తొందర వద్దు.

కలపడానికి ఉదయగిరి చెక్క గరిటె. అత్తయ్య కొనిచ్చిందే. నున్నగా, తేలిగ్గా ఉంటుంది, గిన్నె అంచును గీకదు. తడి పొడి కలిశాక ఎక్కువ తిప్పకూడదు. బాబు గరిటె వదలడు, "చాలు నాన్నా, చాలు" అని లాక్కోవలసి వచ్చింది. పైన వేరుశనగపప్పు చల్లి, కుక్కర్లో దించి, మంట బాగా తగ్గించి నలభై ఐదు నిమిషాలు. మొదటి అరగంట మూత తెరవకూడదు, లోపల ఇంకా గట్టిపడని పిండి చల్లగాలికి కుంగిపోతుంది. పాప ఫోనులో టైము పెట్టింది. బాబు కుక్కరు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. పదిహేను నిమిషాలకు బెల్లం, యాలకుల వాసన వంటిల్లు దాటి నడిమింట్లోకి వెళ్లింది. తడిబట్టల ముక్క వాసన ఆ గంట సేపు తెలియలేదు.

కొబ్బరి ఈనె గుచ్చి చూస్తే శుభ్రంగా వచ్చింది. పైన నడిమధ్యలో ఒక పగులు, ఎండాకాలం చెరువు నెర్రె లాగా. మంట ఇంకా కాస్త తగ్గించాల్సింది. చల్లారాక కోశాను. మొదటి ముక్క నేనే తిన్నాను, పిల్లలు చూస్తుండగానే. అంచు ముక్క, కాస్త కరకరలాడుతూ. చాలా బాగుంది.

పై వాటాకు నాలుగు ముక్కలు ఇవ్వబోతుంటే అత్తయ్య, "నేను ఇచ్చొస్తాలే, ఆమెతో మాట కూడా కలిసినట్టుంటుంది" అని ప్లేటు తీసుకున్నారు. ఆరేడు మెట్లు ఎక్కి ఆగారు. గోడకు చెయ్యి ఆనించి, ప్లేటు వంగిపోకుండా చూసుకుంటూ ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ మూడు మెట్లు. మళ్లీ ఆగారు. నేను కిందినుంచి చూస్తూ ఉండిపోయాను. అవే మెట్లు. నేను కూలబడిందీ అక్కడే.

ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఆగి ఆగి ఎక్కుతున్నారో నేను చూడలేదు. అరవై ఆరేళ్లు కదా అనుకున్నాను. నన్ను చూసి ఇంట్లో పనే కదా అన్న వాళ్లకూ నాకూ తేడా ఏముంది?

మొహర్రం రోజుల్లో రొట్టెల పండక్కి అత్తయ్య బారాషహీద్ దర్గాకు వెళ్లారు. స్వర్ణాల చెరువులో జనంలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, నాకోసం ఆరోగ్య రొట్టె తీసుకుని, తడి చీరతోనే ఇంటికి వచ్చి నా చేతిలో పెట్టారు. కోరిక తీరిన వాళ్లు ఇస్తారు, కోరుకునే వాళ్లు తీసుకుంటారు. వచ్చే ఏడు నేను వెళ్లి ఆ రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. తనకోసం ఏ రొట్టె తీసుకున్నారని ఆ రోజు నేను అడగలేదు.

రాత్రి అన్నాలయ్యాక, ఆయన, పిల్లలు టీవీ ముందు ఉంటే, అత్తయ్య పక్కన కూర్చుని అడిగాను. "ఒకసారి రక్తపరీక్ష చేయిద్దాం అత్తయ్యా."

"నాకేమైందిప్పుడు? బాగానే ఉండా గదా."

"మెట్ల మీద రెండుసార్లు ఆగారు. నేను చూశాను."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చీర కొంగుతో చేతివేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నారు. "నీకు చెప్పేదేముందిలే అనుకున్నా. అప్పుడు నీకే బాగలేకపోయె" అన్నారు.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. గోళ్లు తెల్లగా ఉన్నాయి. శనివారానికి వాన తెరిపిస్తుందంటున్నారు, శనివారం పొద్దున్నే వెళ్దామన్నాను. కాసేపాగి, "పరగడుపున పోవాల్నా? నాకు కళ్లు తిరుగుతాయి అమ్మాయ్" అన్నారు.

"ఈ పరీక్షకు అక్కర్లేదు. టిఫిను తినే వెళ్లొచ్చు."

"అయితే కారం దోసె తినే పోదాం" అన్నారు.