ఆర్సీబీ ప్లేఆఫ్స్‌కి వెళ్ళినప్పుడల్లా

ఐపీఎల్‌లో మన టీమ్ లీగ్ దశలోనే ఇంటిదారి పట్టింది. ప్లేఆఫ్స్‌లో మిగిలిన నాలుగు జట్లలో మనకి అస్సలు పడని జట్టు ఒకటుంది. అప్పుడు ఎవరు గెలవాలని కోరుకోవాలి? రాయల్ ఛాలెంజర్స్ (ఆర్సీబీ) సొంత ఊరు బెంగుళూరులో ఉంటూ హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్‌ని అభిమానించే మాబోటి వాళ్ళకి మే నెల వచ్చిందంటే ఇదే గోల. ఆఫీసు క్యాంటీన్‌లో అడుగుతారు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. "మీవాళ్ళు ఎలాగూ పోయారు కదా, ఇంక ఆర్సీబీకి సపోర్ట్ చెయ్యొచ్చు కదా?" అని. నేను చెయ్యను. ఎందుకు చెయ్యనో ఇన్నాళ్ళూ నోటిమాటతో సరిపెట్టాను, ఈసారి కూర్చుని రాద్దామనిపించింది.

మాది హిందూపురం. అక్కణ్ణుంచి బెంగుళూరు 100 కిలోమీటర్లు, హైదరాబాద్ 400 పైమాటే. పొద్దున్నే రైలెక్కి గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా యలహంకలో దిగి, డ్యూటీ చేసుకుని రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు మా ఊళ్ళో ఎంతోమంది. పెళ్ళి బట్టలకి చిక్‌పేట, పెద్ద జబ్బు చేస్తే బెంగుళూరు ఆసుపత్రి. అందుకే మా ఊరి కుర్రాళ్ళలో ఎర్ర జెర్సీలే ఎక్కువ కనిపిస్తాయి. నా బామ్మర్ది అయితే అందరికన్నా ముందుంటాడు. "బావా, తాగేది బెంగుళూరు నీళ్ళు, తినేది బెంగుళూరు జీతం. సపోర్ట్ మాత్రం హైదరాబాద్‌కా? ఏం న్యాయం ఇది?" అని పెళ్ళైన కొత్తలోనే నిలదీశాడు.

నేను ఇంజనీరింగ్ చదివింది హైదరాబాద్‌లో. హాస్టల్ టీవీ గదిలో అప్పటి హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్‌ని చూస్తూ మొదలైంది నా అభిమానం. 2008లో మొదటి ఐపీఎల్‌లో మాది అట్టడుగు స్థానం, మాకు సరిగ్గా పైన ఆర్సీబీ. మరుసటి ఏడు ఎన్నికల వల్ల టోర్నమెంట్ దక్షిణాఫ్రికాకి వెళ్ళిపోయింది. చివరి రెండు స్థానాల్లో ఉన్న ఆ రెండు జట్లే అక్కడ ఫైనల్ ఆడాయి. 2009 మే 24, జొహానెస్‌బర్గ్. మొదటి ఓవర్లోనే కుంబ్లే మా కెప్టెన్ గిల్‌క్రిస్ట్‌ని సున్నాకి బౌల్డ్ చేశాడు. గిబ్స్ చివరిదాకా నిలబడి 53 కొడితే మా స్కోరు 143కి చేరింది. కుంబ్లే నాలుగు ఓవర్లలో 16 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. అయినా ఆర్సీబీ 137 దగ్గర ఆగిపోయింది. 6 పరుగుల తేడాతో కప్పు మాది. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ మాత్రం ఓడిన జట్టు కెప్టెన్ కుంబ్లేకి ఇచ్చారు. అప్పటిదాకా గోల గోలగా ఎగిరిన హాస్టల్ కుర్రాళ్ళం, ఆయన ఆ అవార్డు తీసుకుంటున్నప్పుడు చప్పట్లు కొట్టాం. ఎదుటి జట్టుని ఎలా చూడాలో నాకు ఆ రాత్రే తెలిసింది.

2012లో డెక్కన్ ఛార్జర్స్ పోయింది, సన్‌రైజర్స్ వచ్చింది. నేను బెంగుళూరు వచ్చేశాను. చొక్కా రంగు మారింది గానీ ఎదుటివాళ్ళు మారలేదు.

2016 ఫైనల్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. మే 29న, ఆర్సీబీ సొంత మైదానం చిన్నస్వామిలోనే. ఆ ఏడాది కోహ్లీ 973 పరుగులు కొట్టాడు, నాలుగు సెంచరీలు. ఫైనల్‌కి దారితీసే క్వాలిఫయర్ మ్యాచ్‌లో 29కి 5 వికెట్లు పోయిన స్థితి నుంచి డివిలియర్స్ ఆర్సీబీని గట్టెక్కించాడు. ఊరంతా కప్పు వచ్చేసినట్టే ఉంది. బామ్మర్ది ఎక్కడెక్కడో తిరిగి రెండు టికెట్లు సంపాదించాడు. అప్పటికి కబ్బన్ పార్క్ మెట్రో స్టేషన్ తెరిచి నెల కావస్తోంది. రైలు దిగి మెట్లెక్కుతుంటే చుట్టూ ఎరుపే. నా ఒంటిమీద ఆరెంజ్ టీషర్ట్. పక్క సీట్లో ఒక కన్నడ పెద్దాయన కూర్చున్నారు. నా టీషర్ట్ వంక చూసి ఒక్క మాట కూడా అనలేదు. పాప్‌కార్న్ పొట్లం మాత్రం మనవడికి ఇచ్చినప్పుడల్లా నా వైపు కూడా చాచారు.

మా వార్నర్ 38 బంతుల్లో 69 కొట్టాడు. చివర్లో బెన్ కటింగ్ వచ్చి 15 బంతుల్లో 39. వాట్సన్ వేసిన ఆఖరి ఓవర్లోనే 24 వచ్చాయి. మొత్తం 208. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. తర్వాత గేల్, కోహ్లీ మొదలుపెట్టారు. పదో ఓవర్ దాటేసరికి వికెట్ పడకుండా 114. గేల్ ఒక్కడే 76. ఆ హోరులో పక్కన కూర్చున్న బామ్మర్ది ఏమంటున్నాడో కూడా వినిపించలేదు. ఆ తర్వాత గేల్‌ని కటింగ్ అవుట్ చేశాడు. కోహ్లీని 54 దగ్గర శ్రాన్ బౌల్డ్ చేశాడు. డివిలియర్స్ 5కే వెళ్ళిపోయాడు. ఆఖరి ఓవర్లో 18 కావాలి, బంతి భువనేశ్వర్ చేతిలో ఉంది. ఆ ఓవర్ మొత్తం నేను మైదానం కన్నా బామ్మర్ది చేతుల్నే ఎక్కువ చూశాను. జెండా ప్లాస్టిక్ కర్రని రెండు చేతులతో పట్టుకుని మెలిపెడుతున్నాడు. చెంపల మీద పూసుకున్న ఎర్ర రంగు చెమటకి కారి కాలర్ మీదికి దిగింది. 8 పరుగుల తేడాతో మావాళ్ళు గెలిచాక ఆ కర్ర రెండు ముక్కలైంది. ఒక ముక్క కింద పడేశాడు, రెండోది జేబులో పెట్టుకున్నాడు.

ఎంజీ రోడ్ మీద చాలా దూరం నడిచాం. వేలమంది నడుస్తున్నారు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ట్రినిటీ దగ్గర ఆగి వాడన్న మాట ఇదొక్కటే: "తొమ్మిదొందల డెబ్బై మూడు కొట్టినా సాల్లేదు సూడు బావా."

నాకు లోపల పండగే. అబద్ధం ఎందుకు చెప్పాలి? మా కప్పు, అదీ వాళ్ళ గడ్డ మీద. కానీ వాడు అంతగా బాధపడ్డాడు కాబట్టే ఆ గెలుపు నాకు అంత గొప్పగా అనిపించింది. ఎవరికీ పట్టని జట్టు మీద గెలిచి ఉంటే ఇన్నేళ్ళ తర్వాత ఒక్కో బంతీ ఇలా గుర్తుండేది కాదు.

2020లో అబుదాబిలో ఎలిమినేటర్, ఓడినవాళ్ళు ఇంటికే. ఖాళీ స్టాండ్స్, విలియమ్సన్ నిదానంగా ఆడి 50 నాటౌట్, మళ్ళీ మేమే. కోవిడ్ వల్ల నేను అప్పుడు అత్తగారింట్లో ఉండి పనిచేస్తున్నాను. బామ్మర్ది ఆ రాత్రి అన్నం తినలేదు.

2024 మాత్రం విచిత్రంగా నడిచింది. మొదటి ఎనిమిది మ్యాచుల్లో ఆర్సీబీ గెలిచింది ఒక్కటే. ఆ ఏప్రిల్‌లో చిన్నస్వామిలోనే ట్రావిస్ హెడ్ 41 బంతుల్లో 102 కొట్టి, మావాళ్ళు వాళ్ళ మీద 287 చేశారు. ఆ తర్వాత వాళ్ళు వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కి వచ్చారు. ఆ ఆరింటిలో మొదటిది ఉప్పల్‌లో మా మీదే. మొదటి క్వాలిఫయర్‌లో మేం కోల్‌కతా చేతిలో ఓడాం, అయినా ఫైనల్‌కి ఇంకో అవకాశం ఉంది. ఎలిమినేటర్‌లో రాజస్థాన్ మీద ఆర్సీబీ గెలిస్తే చెన్నై చెపాక్‌లో మాతో ఆడాలి. మే 22 రాత్రి నా జీవితంలో మొదటిసారి ఆర్సీబీ గెలవాలని కోరుకున్నాను. వాళ్ళు నాకు కావాలి. రాజస్థాన్ మీద గెలుపు కన్నా ఆర్సీబీ మీద గెలుపు వెయ్యి రెట్లు మేలు. వాళ్ళు ఓడిపోయారు. మేం రాజస్థాన్‌ని ఓడించాం, ఫైనల్లో కోల్‌కతా ముందు 113కే కుప్పకూలాం. ఫైనల్ ఓటమి కన్నా ఆ జరగని మ్యాచే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇది నా ఒక్కడి మనసే అనుకునేవాణ్ణి. మా క్లయింట్ ఆఫీసు బోస్టన్‌లో ఉంది. అక్కడ నాతో పనిచేసే ఒక పెద్దాయనకి ఆ ఊరి బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ అంటే ప్రాణం. బేస్‌బాల్ నాకు ఓపిగ్గా నేర్పించింది ఆయనే. "మా ఊళ్ళో అందరికీ ఇష్టమైన జట్లు రెండు. ఒకటి రెడ్ సాక్స్, రెండోది ఆ రోజు యాంకీస్‌తో ఎవరాడితే వాళ్ళు" అంటాడు. 2004లో న్యూయార్క్ జట్టు యాంకీస్ మీద ఏడు మ్యాచుల సిరీస్‌లో మొదటి మూడూ ఓడి, నాలుగో మ్యాచ్‌లో కూడా చివరి ఇన్నింగ్స్ దాకా వెనకబడి ఉన్న రెడ్ సాక్స్, మిగతా నాలుగూ గెలిచింది. బేస్‌బాల్ ప్లేఆఫ్స్ చరిత్రలో అలా ఎవరూ చెయ్యలేదు. ఆ తర్వాత ఫైనల్ లాంటి వరల్డ్ సిరీస్ కూడా గెలిచి 1918 నుంచి ఉన్న కరువు తీర్చుకుంది. ఆయన మాత్రం వరల్డ్ సిరీస్ గురించి రెండు ముక్కల్లో చెప్పి, యాంకీస్ మీద గెలిచిన ఆ నాలుగు రాత్రుల గురించి గంటసేపు చెబుతాడు.

2024 అక్టోబర్‌లో యాంకీస్ వరల్డ్ సిరీస్‌కి వెళ్ళింది, ఎదురుగా లాస్ ఏంజలిస్ డాడ్జర్స్. రెడ్ సాక్స్ అసలు ప్లేఆఫ్స్‌లోనే లేదు. అంటే అచ్చం నా పరిస్థితే. అయిదో మ్యాచ్ మనకి దీపావళి రోజు తెల్లవారుజామున పడింది. ఇంట్లో తలంట్లు జరుగుతుంటే నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. యాంకీస్ 5-0 ఆధిక్యంలో ఉంది, వాళ్ళ పిచ్చర్ (బంతి వేసేవాడు) కోల్ నాలుగు ఇన్నింగ్స్ దాకా ఒక్క హిట్ ఇవ్వలేదు. అయిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఫీల్డర్ ఆరన్ జడ్జ్ చేతిలో పడాల్సిన తేలికైన క్యాచ్ జారిపోయింది. తర్వాత షార్ట్‌స్టాప్ అనే ఇంకో ఫీల్డర్ విసిరిన బంతి పక్కకి పోయింది. అయినా కోల్ ఇద్దర్ని అవుట్ చేశాడు. ఇంకొక్క అవుట్ చాలు. డాడ్జర్స్ బ్యాటర్ మూకీ బెట్స్ మెల్లగా ఫస్ట్ బేస్ వైపు కొట్టాడు. కోల్ వెళ్ళి బేస్ కాయాలి, వెళ్ళలేదు. స్కోరు 5-5 అయిపోయింది. చివరికి డాడ్జర్స్ 7-6తో గెలిచి కప్పు ఎత్తుకుంది. ఆ మూకీ బెట్స్ ఒకప్పుడు రెడ్ సాక్స్ కుర్రాడే, 2020లో డాడ్జర్స్‌కి ఇచ్చేశారు. మా పెద్దాయన ఆ రోజు కాల్‌లో నవ్వుతూనే ఉన్నాడు, బెట్స్ పేరు వచ్చినప్పుడు మాత్రం కాసేపు ఆగాడు. "డాడ్జర్స్ టోపీ పెట్టుకుంటారా?" అని అడిగాను. "నేనెందుకు పెట్టుకుంటాను, అది వాళ్ళది" అన్నాడు.

2025 జూన్ 3న నాకు ఆ మాటే పనికొచ్చింది. మావాళ్ళు అప్పటికే అవుట్. వెళ్తూ వెళ్తూ లక్నోలో ఆర్సీబీని 42 పరుగులతో ఓడించారు, ఆ సీజన్లో నాకు మిగిలిన సంతోషం అదొక్కటే. అహ్మదాబాద్‌లో ఫైనల్, పంజాబ్‌తో. యలహంకలో మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో తెర కట్టారు. బామ్మర్ది హిందూపురం నుంచి పొద్దున రైలుకే వచ్చేశాడు. నేను పంజాబ్ గెలవాలని కోరుకున్నాను, అందరికీ చెప్పే కోరుకున్నాను. ఆర్సీబీ 190. మధ్యలో ఆర్సీబీ బౌలర్ కృనాల్ 17 పరుగులిచ్చి 2 వికెట్లు తీసి పంజాబ్‌ని కట్టేశాడు. ఆఖరి ఓవర్లో 29 కావాలి, హేజిల్‌వుడ్ మొదటి రెండు బంతులూ డాట్. అక్కడితో అయిపోయింది. పంజాబ్ బ్యాటర్ శశాంక్ సింగ్ ఇంకా సిక్సర్లు కొడుతూనే ఉన్నాడు, మ్యాచ్ పూర్తికాకుండానే కోహ్లీ కళ్ళు తుడుచుకుంటున్నాడు. 6 పరుగుల తేడా. 2009లో మేం వాళ్ళని ఓడించింది కూడా సరిగ్గా 6 పరుగులతోనే.

బామ్మర్ది నన్ను వాటేసుకుని ఏడ్చాడు. వాడి వీపు తడుతుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. కాసేపటికి ఎక్కడి నుంచో ఇంకో ఎర్ర జెర్సీ పట్టుకొచ్చి, "ఈ ఒక్క రాత్రికి వేసుకో బావా, నా కోసం" అన్నాడు. వాడు అడిగితే నేను కాదనేవి చాలా తక్కువ. అది మాత్రం వేసుకోలేదు. పద్దెనిమిది సీజన్లు, అంతకుముందు మూడు ఫైనల్స్ ఓటమి, ఊరంతా ఎగతాళి చేస్తున్నా ఏటా మళ్ళీ 'ఈ సల కప్ నమ్దే' (ఈసారి కప్పు మనదే) అనడం, ట్రినిటీ దగ్గర ఆ రాత్రి, ఇవన్నీ పడింది వాడు. అన్నేళ్ళూ ఎదురుగా నిలబడి వాడు ఓడాలని కోరుకున్నవాణ్ణి నేను. గెలిచిన రాత్రి వచ్చి ఆ జెర్సీ వేసుకుంటే వాడి ఓపికకి నేనిచ్చే విలువేముంది? ఇదే మాట వాడితో చెప్పాను. చెయ్యి కలిపి "నిజంగా మీదే బెస్ట్ టీమ్" అన్నాను. స్వీట్లు నేనే తెప్పించాను.

మర్నాడు చిన్నస్వామి బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. చాలావరకు చిన్న వయసు వాళ్ళే. బామ్మర్ది కూడా మధ్యాహ్నం బస్సులో మెజెస్టిక్ దాకా వెళ్ళాడు, మెట్రోలో కాలు పెట్టే సందు లేక వెనక్కి వచ్చేశాడు. వార్త చూశాక నా భార్య వాడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ పిల్లల ఇళ్ళలో ఎర్ర జెర్సీ ఇంక ఎలా చూస్తారో నేను ఊహించలేను. ఆ వారమంతా మా ఆఫీసులో ఏ జట్టు వాళ్ళూ క్రికెట్ మాటెత్తలేదు.

ఆర్సీబీకి కప్పు వచ్చేసింది కాబట్టి ఇంక మీ పోరు తీరిపోయినట్టే కదా అని కొందరు అంటున్నారు. నాకు అలా లేదు. ఇన్నాళ్ళూ కప్పు లేని జట్టుని ఓడించాం, ఇప్పుడు ఛాంపియన్‌ని ఓడించాలి. 2025 సీజన్ దాకా సన్‌రైజర్స్, ఆర్సీబీ ప్లేఆఫ్స్‌లో తలపడ్డది రెండుసార్లే, రెండూ మావే. మూడోది ఫైనల్లో రావాలని నా కోరిక. టికెట్లు ఈసారి నేను కొంటానని బామ్మర్దికి చెప్పేశాను. సరేనన్నాడు, ఎవరి జెర్సీ వాళ్ళు వేసుకునే రావాలన్న షరతు మీద.