పేరు పేరునా వందనాలు

యోహాను మూడో పత్రిక బైబిల్లో ఒక పేజీ కూడా నిండదు. రెండో వచనం మనలో చాలామందికి నోటికి వచ్చు. ఆత్మ వర్ధిల్లుతున్నట్టే అన్ని విషయాల్లోనూ వర్ధిల్లాలని పుట్టినరోజులకీ, కొత్త సంవత్సరానికీ ఒకరికొకరం రాసుకునేది అదే. ఈ మధ్య నా చూపు ఆగింది మాత్రం ఆ పత్రిక చివర్లో. నీకు రాయాల్సినవి చాలా ఉన్నాయి, కానీ సిరాతో, కలంతో రాయడం నాకు ఇష్టం లేదు, త్వరలోనే నిన్ను చూస్తాను, అప్పుడు ముఖాముఖిగా మాట్లాడుకుందాం అంటాడు ఆ పెద్దాయన. ఇక్కడి స్నేహితులు వందనాలు చెప్తున్నారంటాడు. ఆఖరి మాటగా, అక్కడున్న స్నేహితులకు "పేరు పేరు వరుసను" వందనాలు చెప్పమంటాడు. పత్రిక అక్కడితో అయిపోతుంది.

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ మీతో మాట్లాడుతున్నాను. ఆ ఆఖరి మాట దగ్గర ఎందుకు ఆగానో చెప్పాలి.

మన ఉదయకాల ప్రార్థన ఎలా మొదలైందో పాతవాళ్లకు గుర్తే. 2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ. హనుమకొండలో మా చర్చి గేటుకు తాళం పడింది. ఆ వారంలోనే పదకొండు మందిమి ఫోన్‌లో కలిశాం. పొద్దున అయిదున్నరకు ఒక కీర్తన, ఒక వచనం, అయిదు నిమిషాల మౌనం, ప్రార్థన. ఆ మౌనంలో ఎవరి ఇల్లు ఏదో నాకు తెలిసిపోయేది. కత్తెర చప్పుడు వస్తే జగిత్యాల అక్క, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోందన్నమాట. ఏసీ హోరు వినిపిస్తే దుబాయి తమ్ముడు. అక్కడ అప్పటికి నాలుగే అవుతుంది, అయినా లేచేవాడు. భూపాలపల్లి బొగ్గుబాయి అన్న నైట్ షిఫ్టు వారంలో ఉండేవాడు కాదు, రికార్డింగు పంపితే డ్యూటీ దిగాక వినేవాడు. విని "ఆమెన్" అని ఒక్క మాట పెట్టేవాడు. రోజూ ఒక్క మాటే.

తర్వాత యూట్యూబ్‌లో పెట్టాం. వినేవాళ్లు పెరిగారు. అది దేవుని కృపే, కాదనను. కానీ "అక్కా వందనాలు, తమ్ముడూ వందనాలు" అని మొదలయ్యే ప్రార్థన ఎప్పుడో తెలియకుండానే "అందరికీ వందనాలు" అయింది. అందరికీ అన్నప్పుడు ఎవరు లేరో తెలియదు.

పోయిన ఏడాది అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. అమ్మకు చదువు రాదు. పరకాల దగ్గర మా ఊళ్లో, రాత్రి అన్నాలయ్యాక గడప దగ్గర కూర్చుని ప్రార్థించేది. బొటనవేలిని మిగతా వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటిగా జరుపుతూ ఒక్కో కణుపుకు ఒక్కో పేరు. ఒక చేతికి పన్నెండు, రెండో చేతికి పన్నెండు. మా ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు, పాలు పోసే ఆయన, మాతో పొలం గట్టు తగాదా ఉన్న ఇంటివాళ్లు కూడా. ఇరవై నాలుగు దాటితే మళ్లీ మొదటి కణుపుకు వచ్చేది. చివరి నెలలో మాట పడిపోయింది. మంచం పక్కన కూర్చుంటే, దుప్పటి మీద ఆ బొటనవేలు కదులుతూ కనిపించేది.

అమ్మ పోయాక నేను ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. మొదటి రెండు నెలలు దుఃఖం. ఆ తర్వాతిది దుఃఖం కాదు, సిగ్గు. ఇన్నాళ్లు కనిపించకుండా పోయి ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి అనిపించేది. రోజులు గడిచేకొద్దీ ఆ గడప ఎత్తు పెరిగింది. ఇలా ఉన్నవాళ్లు మీలోనూ ఉన్నారని నాకు తెలుసు. చర్చికి వెళ్లి ఏడాది దాటినవాళ్లు, అన్నదమ్ములతో మాట ఆగిపోయినవాళ్లు. ఆపింది కోపమో, అవిశ్వాసమో అని బయటివాళ్లు అనుకుంటారు. చాలాసార్లు అది ఉత్త సిగ్గే.

మళ్లీ మొదలుపెట్టాలనుకున్నప్పుడు, తిరిగి వచ్చానని ఒక వీడియో పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను. ఆ రాత్రే ఈ పత్రిక చదివాను. మర్నాడు పాత నోటుబుక్ తీశాను. 2020 నుంచి రాసుకున్న పేర్లు, ముప్పై ఎనిమిది. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. మూడు వారాలు పట్టింది.

జగిత్యాల అక్క "హలో" అని కూడా అనలేదు. "ఏమైంది తమ్మీ, నీ గొంతు ఇనవడక ఎన్నొద్దులాయె! ఫోను మోగకున్నా అయిదున్నరకు లేస్తనే ఉన్న" అంది. ఎనిమిది నెలలు ఒక్కతే లేచి, ఆ అరగంట కూర్చుందట. ప్రార్థన ఆగిపోయిందని నేను అనుకున్నాను. ఆగింది నా వైపునే.

భూపాలపల్లి నంబరుకు చేస్తే కొడుకు ఎత్తాడు. "నాయన పోయిండు సార్, దసరా ముందు." ఫోన్ పెట్టేశాక ఆయన పేరు మీద నొక్కి చూశాను. నేను తెరవని మెసేజీ ఒకటి ఉంది. "అన్నా, దవాఖానల ఉన్న. ప్రార్థన చెయ్యి." రోజుకు ఒక్క మాట పెట్టే మనిషి అంత పెద్దది రాశాడు. దాన్ని చదవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. దీని గురించి ఇంతకన్నా ఏమీ రాయలేను. ప్రభువు ముందు చెప్పుకున్నాను, ఆ ఇంటికి వెళ్లి ఆయన భార్య ముందు కూడా చెప్పుకున్నాను. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

మన దగ్గరే, డోర్నకల్‌లో, అజరయ్య బిషప్పు ఉండేవారు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన తమిళుడు. తెలుగు నేర్చుకుని ఈ పల్లెల్లో తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్పు అయ్యారు, 1945లో చనిపోయేదాకా డోర్నకల్‌లోనే ఉన్నారు. బిషప్పు కాకముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో ఆయన లేచి మాట్లాడారు. మీరు మా పేదలకు అన్నం పెట్టారు, మీ ప్రాణాలు కూడా ఇచ్చారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. దొరలు నిండిన ఆ సభలో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! బడులు కట్టడం, ఆసుపత్రులు కట్టడం పరిచర్య కాదని ఆయన అనలేదు. అన్నీ ఉండి స్నేహం లేకపోతే ఏం మిగిలిందని అడిగారు. యోహాను పత్రికలో ఆఖరి వాక్యాల్లో ఉన్న మాట కూడా స్నేహితులే. వినేవాళ్లు అనలేదు, సభ్యులు అనలేదు.

ఫోన్‌లో చేసేది పరిచర్యేనా అని కొందరు పెద్దలు అడుగుతూనే ఉన్నారు. యోహాను సిరా, కలం చాలవన్నాడు. అయినా వాటితోనే రాశాడు. ఆ కలానికి గ్రీకులో ఉన్న మాట "కలామోస్", అంటే రెల్లు పుల్ల. మనం కలం అంటున్నది కూడా ఆ మాటే, అరబ్బీ, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చిందంటారు. ఆ రోజు సంఘంలో దియొత్రెఫే అనే ఒకడు సహోదరులను చేర్చుకోకుండా, చేర్చుకునేవాళ్లను కూడా బయటికి గెంటుతున్నాడు. సంఘానికి రాసిన మాట అక్కడ చెల్లలేదు. గాయు అనే ఒక్క స్నేహితుడికి రాసిన ఈ చీటీ మాత్రం చేరింది, మన దాకా వచ్చింది. నా చేతిలోని ఫోన్ నాకు ఆ రెల్లు పుల్ల లాంటిదే. దాంతో రాస్తాను. దాన్నే ముఖం అనుకోను. అందుకే ప్రభువు బల్లను, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనను, ఏ రోజూ ఫోన్‌లో పెట్టలేదు, ఇకముందూ పెట్టను. దానికి మీ ఊరి సంఘం ఉంది, వెళ్లండి.

పోయిన నెల దుబాయి తమ్ముడు సెలవు మీద వచ్చాడు. కాజీపేట జంక్షన్‌లో దిగుతానంటే వెళ్లాను. ఇన్నేళ్లుగా మాట్లాడుకున్నాం గానీ ముఖాలు సరిగ్గా ఎరగం. ప్లాట్‌ఫారం మీద జనంలో వెతుకుతున్నాను. వెనక నుంచి నా పేరు పెట్టి "అన్నా" అని వినిపించింది. తిరిగి చూడకముందే అతనని తెలిసింది. మగ్దలేనే మరియ కూడా అంతే కదా, ఎదురుగా ప్రభువే నిలబడ్డా తోటమాలి అనుకుంది. "మరియా" అని పిలిచాకే గుర్తుపట్టింది. చూపుకు అందనిది పిలుపుకు అందింది. అక్కడే బెంచీ మీద కూర్చుని, చాయ్ తాగి, ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఫోన్‌లో పాటించే ఆ అయిదు నిమిషాలే, ఈసారి పక్కపక్కన.

వచ్చే సోమవారం నుంచి ప్రార్థన మళ్లీ మొదలు. పొద్దున అయిదున్నరకే. యూట్యూబ్‌లో వాక్యం వరకే ఉంటుంది. ఫోన్‌లో కలిసినప్పుడు మాత్రం ముందు పేర్లు. రోజుకు ఏడెనిమిది, నోటుబుక్‌లో ఉన్న వరుసలో. పేర్లు ఇక్కడ రాయను, అవి వాళ్ల సొంతం. ఒక పేరు చదివి, జవాబు వచ్చేదాకా ఆగుతాను. జవాబు రాకపోతే ఆ రోజే ఇంటికి ఫోన్ చేస్తాం. ఆ పని జగిత్యాల అక్క తీసుకుంది.

మొదటి రోజు మొదటి పేరు భూపాలపల్లి వదినది. ఆమెకు ఫోన్ కలపడం రాదట. కొడుకు కలిపి, స్పీకరు పెట్టి, అమ్మ పక్కన పెట్టి డ్యూటీకి వెళ్తానన్నాడు.