విభాగం పనితీరును కార్మికుల వైపు నుంచి కొలవడం

ఒక సంస్థలో ఫలానా విభాగం సరిగా పనిచేస్తోందా లేదా అని తెలుసుకోవడానికి ఆ విభాగం తనకు తాను రాసుకున్న నెలవారీ నివేదిక చాలదని, దాని మీద ఆధారపడి రోజూ పని నడుపుకొనే ఉద్యోగులను కూడా అడగాలని ఇప్పుడు యాజమాన్యాలు ఒప్పుకుంటున్నాయి. ఎలా అడగాలన్న దానిపై మాత్రం అంత శ్రద్ధ కనిపించడం లేదు. భీమవరం పరిసరాల్లోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, అంటే మా వైపు అందరూ రొయ్యల కంపెనీలని పిలిచే చోట్ల, పర్సనల్ విభాగంలో, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసే విభాగంలో, పనిచేస్తూ ఇలాంటి అభిప్రాయ సర్వేలను తయారుచేసి, జరిపించి, వాటి ఫలితాలను యాజమాన్యం ముందు పెట్టిన అనుభవంతో ఇది రాస్తున్నాను. నాకు బలంగా కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, ఒక విభాగం మీద కార్మికులకున్న ఇష్టాయిష్టాలను అడిగితే మనకు తెలిసేది స్వల్పం. ఆ విభాగంతో చివరిసారి అవసరం పడినప్పుడు ఏం జరిగిందో అడిగితేనే దాని పనితీరు బయటపడుతుంది.

ఈ మాట చెప్పడానికి మన ప్రాంతపు మర్యాదే మొదటి కారణం. తలలు తీసే చోట, వలిచే చోట, గ్రేడింగ్ బల్లల దగ్గర పనిచేసేవారిలో ఎక్కువమంది ఆకివీడు, ఉండి, మొగల్తూరు, నరసాపురం వైపు గ్రామాల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే మహిళలు. చేతిలో కాగితం పట్టుకున్న మనిషి వచ్చి "ఆఫీసువాళ్ల పని ఎలా ఉందమ్మా?" అని అడిగితే, "బాగానే ఉందండి, మాకే ఇబ్బందీ లేదండి" అన్న జవాబు వస్తుంది. ఆ జవాబులో అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేదు. ఎదుటివారి మనసు నొప్పించకూడదన్న అలవాటు కొంత, రేపటి పనికి ఏ అడ్డూ రాకూడదన్న జాగ్రత్త కొంత అందులో ఉన్నాయి. అమెరికన్ మనస్తత్వవేత్త రెన్సిస్ లికర్ట్ 1932లో ప్రతిపాదించిన కొలబద్దనే, అంటే "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "అసలు అంగీకరించను" వరకు ఉండే ఐదు మెట్ల పద్ధతినే, నేటికీ చాలా ప్రశ్నావళులు వాడుతున్నాయి. ఆ కొలబద్దలో దోషం లేదు. కానీ దానికి ముందు పెట్టే వాక్యం "పర్సనల్ విభాగం సేవలు సంతృప్తికరంగా ఉన్నాయి" అన్నంత అస్పష్టంగా ఉంటే, చదివినవారు వాక్యంతో ఏకీభవించడం వైపే మొగ్గుతారని సర్వే శాస్త్రం ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. మన దగ్గర ఆ మొగ్గు మరింత ఎక్కువగా ఉంటుందని నా నమ్మకం.

ఇది మనకు కొత్తగా ఎదురైన చిక్కు కూడా కాదు. షికాగో దగ్గరి వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన హాథార్న్ కర్మాగారంలో 1928 నుంచి 1930 వరకు ఇరవై వేలమందికి పైగా ఉద్యోగులను కూర్చోబెట్టి మాట్లాడించారు. మొదట్లో పర్యవేక్షణ గురించి, పని పరిస్థితుల గురించి ముందుగా రాసుకున్న ప్రశ్నలు వేశారు. ఉద్యోగులు మాత్రం తమకు ముఖ్యమనిపించిన వేరే విషయాల వైపు మళ్లుతూ ఉండటంతో, చివరికి అడిగేవారు తక్కువ మాట్లాడి ఎక్కువ వినే పద్ధతికి మారారు. ప్రశ్నావళి తయారుచేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఏది అడగాలో మనకే ముందుగా తెలుసుననుకుని మొదలుపెడితే, మనకు తెలిసినదే మళ్లీ అంకెల రూపంలో చేతికొస్తుంది. అందుకే నేను ప్రశ్నలు రాసే ముందు ప్రతి పనిచోటు నుంచి కొద్దిమందితో, ఏ కాగితమూ లేకుండా, తీరికగా మాట్లాడతాను.

అలా మాట్లాడినప్పుడే మెయింటెనెన్స్ విభాగం గురించి ఒక ముఖ్యమైన విషయం తెలిసింది. ఆ విభాగం పుస్తకం ప్రకారం ఫిర్యాదులన్నీ నమోదైన పూటే పరిష్కారమయ్యాయి. కన్వేయర్ బెల్టు ఆగితే గంటలో నడిపించారు, చేతులు కడుక్కునే చోట కుళాయి పాడైతే మధ్యాహ్నానికి బాగుచేశారు. తేదీలు, సమయాలు, సంతకాలు అన్నీ సక్రమంగా ఉన్నాయి, వాటిలో కల్పన ఏదీ లేదు. అయినా వలిచే షెడ్డులోని మహిళలు ఆ విభాగం చాలా ఆలస్యం చేస్తుందని గట్టిగా నమ్ముతున్నారు. రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయని వెతికితే, కాలాన్ని లెక్కపెట్టడం మొదలయ్యే చోటు వేరని తేలింది. మెయింటెనెన్స్ వారి లెక్క పుస్తకంలో ఫిర్యాదు రాసిన నిమిషం నుంచి మొదలవుతుంది. కార్మికురాలి లెక్క తన మేస్త్రికి చెప్పిన నిమిషం నుంచి మొదలవుతుంది. మేస్త్రి సూపర్‌వైజరుకు చెప్పాలి, సూపర్‌వైజరు షిఫ్టు ఇన్‌ఛార్జికి చెప్పాలి, ఆయన పుస్తకంలో రాయించాలి. ఈ మధ్యలో ఒక రాత్రి, ఒక్కోసారి ఒక ఆదివారం కూడా గడిచిపోతుంది. నెలాఖరు సమావేశాల్లో ఎన్నడూ చర్చకు రాని ఆలస్యం ఇది, ఎందుకంటే అది ఏ విభాగం పుస్తకంలోనూ లేదు. ఇష్టాయిష్టాల ప్రశ్నావళితో వెళ్లి ఉంటే మెయింటెనెన్స్‌కు తక్కువ మార్కులు వచ్చేవి, దాని అధిపతిని మందలించేవారు, అసలు జాప్యం ఉన్నచోటే ఉండిపోయేది.

కాబట్టి సర్వే ఫలితాన్ని ఒంటరిగా చదవకూడదు. ఫిర్యాదుల పుస్తకం, హాజరు పట్టీ, యంత్రాల మరమ్మతు రికార్డు, జీతాల సవరణల జాబితా వంటివాటి పక్కన పెట్టి చదవాలి. రెండూ కలిసినచోట నిశ్చింతగా ఉండవచ్చు. కలవనిచోట ఎవరిది తప్పని తొందరపడకుండా, ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతకాలి. నా అనుభవంలో సర్వే వల్ల కలిగిన మేలులో ఎక్కువ భాగం ఇలాంటి తేడాల వల్లే కలిగింది.

ప్రశ్నల రూపం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. "జీతం, పీఎఫ్ పనులు సకాలంలో, మర్యాదగా జరుగుతున్నాయా?" అని ఒకే వాక్యంలో అడిగితే అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. జీతం సకాలంలో వస్తున్నా పీఎఫ్ పని నెలల తరబడి సాగుతున్న మనిషి దానికి ఏమని జవాబివ్వాలి? దానికి బదులు "గత మూడు నెలల్లో మీ జీతం లెక్కలో తేడా వచ్చిందా? వస్తే మొదట ఎవరికి చెప్పారు? సరిచేయడానికి ఎన్ని రోజులు పట్టింది? తేడా ఎందుకు వచ్చిందో మీకు చెప్పారా?" అని విడివిడిగా అడిగితే, ప్రతి జవాబూ ఒక సంఘటనకు కట్టుబడి ఉంటుంది. జరిగినదాన్ని చెప్పడానికి మర్యాద అంతగా అడ్డురాదు. ఓవర్‌టైం గంటలు పే స్లిప్‌లో కనిపించాయా, ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లడానికి కావలసిన కాగితాలు అడిగిన రోజే అందాయా, ఆధార్‌లో పేరుకూ పీఎఫ్ ఖాతాలో పేరుకూ తేడా ఉంటే దాన్ని సరిచేయించే దారి ఎవరైనా చూపించారా అన్నవి పర్సనల్ విభాగానికి నిజమైన పరీక్షలు. మూడు నెలలు దాటితే జ్ఞాపకం మసకబారుతుంది కనుక అంతకన్నా వెనక్కి అడగకపోవడం మంచిది. అసలు ఆ విభాగంతో అవసరమే పడనివారికి "అవసరం రాలేదు" అన్న గడి వేరుగా ఉండాలి, లేకపోతే వారంతా మధ్య గడిలో గుర్తు పెట్టి లెక్కను చెడగొడతారు.

నాణ్యతా నియంత్రణ విభాగం సంగతి వేరు. వద్దని చెప్పడమే దాని ఉద్యోగం. నిషిద్ధమైన యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే యూరప్, అమెరికా రేవుల్లో సరుకును తిప్పికొడతారు. బల్ల మీద పరిశుభ్రత లోపిస్తే, వలిచిన రొయ్యలో నల్ల నరం మిగిలితే, ఐస్ తగ్గి ఉష్ణోగ్రత పెరిగితే, ఆపవలసింది ఆ విభాగమే. అలాంటివారి మీద ప్రేమ ఎంత ఉందని అడిగి మార్కులు వేస్తే, కఠినంగా ఉన్నవారికి శిక్ష, చూసీ చూడనట్టు వదిలేసేవారికి బహుమతి దొరుకుతాయి. అందువల్ల ఆ విభాగం గురించి నేను అడిగించేవి రెండే: మీ పనిని వెనక్కి పంపినప్పుడు కారణం చూపించి చెప్పారా, ఒకే రకం లోపానికి పగటి షిఫ్టులోనూ రాత్రి షిఫ్టులోనూ ఒకే నిర్ణయం జరుగుతోందా. ఈ రెండింటికీ మంచి జవాబులు వస్తే, ఆ విభాగాన్ని ఎవరూ మెచ్చుకోకపోయినా అది సమర్థంగా పనిచేస్తున్నట్టే.

ఎవరిని అడుగుతున్నామన్నది ప్రశ్నల కన్నా పెద్ద విషయం. కంపెనీ జాబితాలో పేరున్నవారికే ప్రశ్నావళి ఇచ్చి, కాంట్రాక్టరు ద్వారా వచ్చేవారిని వదిలేస్తే, షెడ్డులో ఉన్నవారిలో చాలామందిని వదిలేసినట్టు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. బాధ్యత ఉన్నచోట అభిప్రాయం అడగనవసరం లేదనడం నాకు న్యాయంగా కనిపించదు. ఒడిశా నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండేవారికి తెలుగు కాగితం ఇవ్వడమూ అలాంటిదే, వారితో ఒడియాలో మాట్లాడే మనిషి కావాలి. చదవడం రానివారిని సూపర్‌వైజరు చేత అడిగించకూడదు. దగ్గరి డిగ్రీ కళాశాల విద్యార్థినుల వంటి బయటివారు, కుదిరితే మహిళలే, క్యాంటీన్‌లో పక్కన కూర్చుని అడిగితే మాట సాగుతుంది. బస్సులో అడిగితే సమయం కలిసొస్తుందని కొందరు సలహా ఇస్తారు గానీ, డ్రైవరు వింటుండగా రవాణా విభాగం గురించి ఎవరు నోరు విప్పుతారు? ఫోన్ లింకులు పంపడం ఆఫీసు సిబ్బందికి సరిపోతుంది. షెడ్డులో పనిచేసే చాలామంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది. పైగా ఓటీపీ అడిగే ప్రశ్నావళిని పేరు లేని ప్రశ్నావళి అంటే ఎవరూ నమ్మరు, నమ్మాలని కోరడం కూడా సబబు కాదు.

కాలం కూడా చూసుకోవాలి. సార్వా నాట్లు పడే వారాల్లోనూ, కోతల సమయంలోనూ కొందరు మహిళలు పొలం పనులకు వెళతారు. సంక్రాంతి ముందు వెనకల హాజరు పలచబడుతుంది. చెరువుల పట్టుబడులు ఎక్కువై షిఫ్టులు సాగే రోజుల్లో అడిగితే అలసటే జవాబు చెబుతుంది, బోనస్ పంచిన వారంలో అడిగితే సంతోషం చెబుతుంది.

పేర్లు బయటపడకుండా చూడటానికి పెద్ద సంస్థలు పాటించే ఒక నియమం మనకూ పనికొస్తుంది. ఏ గుంపులోనైనా జవాబిచ్చినవారు ఐదుగురికి తక్కువైతే ఆ గుంపు ఫలితాన్ని విడిగా చూపించకూడదు. బాయిలర్ దగ్గర ముగ్గురే ఉన్నప్పుడు "బాయిలర్ సిబ్బందిలో ఒకరు అసంతృప్తిగా ఉన్నారు" అని రాస్తే ఆ ఒకరెవరో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. అలాగని మొత్తాన్ని ఒకే సగటుగా కుదించనూ కూడదు. నలభైమందిలో ఇరవైమంది ఐదు, ఇరవైమంది ఒకటి వేసినా సగటు మూడే, అందరూ మూడు వేసినా సగటు మూడే. మొదటిదానిలో సాధారణంగా ఒక షిఫ్టుకు సేవ అందుతూ మరో షిఫ్టుకు అందకపోవడం ఉంటుంది. సగటు చూసి "పర్వాలేదు" అనుకునే యాజమాన్యానికి రాత్రి షిఫ్టు కనిపించదు.

ఒక విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. సర్వే మార్కులను విభాగాధిపతి ఇంక్రిమెంటుకు ముడిపెట్టకూడదు. ఒక కొలతను లక్ష్యంగా మారిస్తే ఆ కొలత నమ్మదగినదిగా ఉండదన్న భావం, బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చేసిన వ్యాఖ్య నుంచి పుట్టి, ఆయన పేరు మీదనే ప్రచారంలో ఉంది. ఒక ప్లాంటులో అలా ముడిపెట్టిన సంవత్సరం, సర్వేకు ముందు రోజు మేస్త్రీలు షెడ్డుల్లో తిరిగి "అన్నిటికీ ఐదు పెట్టండమ్మా" అని చెప్పడం నేను స్వయంగా విన్నాను. ఆ ఏటి మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి, వాటితో ఎవరికీ ఏ ప్రయోజనమూ కలగలేదు.

ఫలితాలను తిరిగి కార్మికులకు చెప్పడం సర్వేలో భాగమే. నెల తిరగకముందే తెలుగులోనూ, అవసరమైతే ఒడియాలోనూ నోటీసు బోర్డు మీద పెట్టి, చదవలేనివారి కోసం క్యాంటీన్‌లో చదివి వినిపించాలి. ప్రతి విభాగం తాను మార్చబోయే ఒకటి రెండు పనులను, మార్చలేనివాటిని, మార్చలేకపోవడానికి కారణాన్ని అక్కడే చెప్పాలి. అడిగి ఊరుకుంటే మరుసటి సంవత్సరం కాగితాలు ఖాళీగా వస్తాయి, అప్పుడు స్పందన లేదని కార్మికులను నిందించే హక్కు మనకు ఉండదు.

మెయింటెనెన్స్ విషయంలో అలా చెప్పిన తరువాత, రెండో విడత సర్వేలో ఆ విభాగం మీద ఫిర్యాదులు తగ్గకపోగా పెరిగాయి. యాజమాన్యం కంగారుపడి విభాగం దిగజారిందా అని అడిగింది. మొదటిసారి "బాగానే ఉందండి" అన్నవారు ఇప్పుడు కుళాయి పేరు, తేదీ, ఎవరికి చెప్పారో కూడా చెబుతున్నారని, మొదట చెప్పినప్పటి నుంచి మరమ్మతు అయ్యేవరకు పట్టే కాలం మాత్రం తగ్గిందని పుస్తకంతో పోల్చి చూపించాను. ప్రస్తుతం ఆ పుస్తకంలో "మొదట ఎవరికి, ఎప్పుడు చెప్పారు" అన్న కొత్త గడి ఉంది, దాన్ని నింపే పని మేస్త్రీలది. రాత్రి షిఫ్టులో ఆ గడి ఇంకా చాలాసార్లు ఖాళీగానే ఉంటోంది కనుక, నాట్లు అయ్యాక జరపబోయే మూడో విడతలో రాత్రి షిఫ్టు వారితో ముందుగా మాట్లాడి, వారి ప్రశ్నలను విడిగా రాయాలని నిర్ణయించాం.